జత పథ్యం

అఖిల కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇందాకటి నుంచి వాటినే చూస్తున్నాను. ఎక్కడా ఓ పసుపు జీర కూడా లేదు, కడిగి బోర్లించిన పింగాణీ కప్పుల్లా ఉన్నాయి. ఇంత శుభ్రమైన కళ్ళు చూసి భయపడుతున్న పెదనాన్న ఈ గుంటూరు మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఏడేళ్ళ పిల్ల, లాబ్ ముందు బెంచీ మీద కాళ్ళు ఊపుకుంటూ జామకాయ తింటోంది, ఒళ్ళో కాగితం పొట్లం, అందులో ఉప్పూ కారం. ముక్క అద్దుకోవడం, నాలుక మంట పుట్టి ఉస్సుమనడం, మళ్ళీ అద్దుకోవడం, మిరపచేల పిల్ల అనిపించుకుంటోంది. మోచేతి మడతలో దూది ముక్క. ఆ దూది కింద నుంచి తీసిన రక్తం తలుపు అవతల ఎక్కడో ఉంది, గంట పడుతుందన్నారు. పై అంతస్తులో దాని నాన్న, నా తమ్ముడు కోటేష్, మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు, వాడి పొట్టలో చేరిన నీళ్ళు గొట్టం గుండా సీసాలోకి దిగుతున్నాయి, మాధురి మొగుడి పాదాలు పట్టుకుని కూర్చుంది. వాడి సంగతి నిన్ననే తెలిసిపోయింది. ఇంటికి తీసుకెళ్ళి వాడికేం తినాలనిపిస్తే అది పెట్టండి అని శశిభూషణ్ డాక్టరు అనలేదు గానీ అనబోయి ఆగాడు, ఆ ఆగడం నాకు వినపడింది. లివరు ఎండిన తోలులా అయిపోయిందట. మాధురికి లేదని కూడా నిన్ననే చెప్పారు. ఇక తెలియాల్సింది ఈ పిల్ల సంగతి. తండ్రి ఒంట్లో ఉన్న వైరస్ బిడ్డ ఒంట్లోకి కూడా చేరిందా, లేదా. అంతే. ఈ గంటంతా దానికోసమే, నేనేమో కళ్ళు చూస్తూ కూర్చున్నాను, కళ్ళు చూస్తే తెలియదని ఆ డాక్టరు అంత విడమరిచి చెప్పాక కూడా.

మంచి డాక్టరే, కుర్రాడే గానీ ఓపికుంది. మందు చీటీ వెనక్కి తిప్పి లివరు బొమ్మ గీశాడు, అది నాకు కందగడ్డలా కనపడింది. "యలమందయ్య గారూ, మన ఒంట్లో పుట్టుకతోనే కాపలా కణాలుంటాయండీ. నేచురల్ కిల్లర్ సెల్స్ అంటాం. వాటికి ఒకళ్ళు చెప్పక్కర్లేదు, నేర్పక్కర్లేదు, వైరస్ పట్టిన కణం కనపడితే చంపేస్తాయి. లివర్లో మరీ ఎక్కువుంటాయి" అన్నాడు. మరి మావాడికి లేవా అన్నాను. "ఉన్నాయండీ. కానీ చిన్నప్పటి నుంచీ ఆ వైరస్‌తో కాపురం చేసీ చేసీ వాటి చురుకు పోయింది. చూస్తాయి, ఊరుకుంటాయి. పైగా చేతిలో కత్తి మాత్రం ఉంటుంది కదా, దాంతో లివర్నే గాయపరుస్తాయి." కంచే చేను మేసినట్టన్నమాట అన్నాను, అంతేనండీ అన్నాడు. మా బాబాయి గుర్తొచ్చాడు నాకు, నవ్వు కూడా వచ్చింది, నవ్వాల్సిన చోటా అది. కల్లంలో మిరపకాయల కాపలాకి మా నాన్న ఆయన్ని పెట్టాడు ఓ ఏడు. మొదట్లో ఎవడైనా అటొస్తే ఊరంతా లేచేలా అరిచేవాడు. ఓ దొంగ వెధవ రోజూ వచ్చి పలకరించడం మొదలెట్టాడు, నిప్పు అడిగాడు, చుట్ట ఇచ్చాడు, వారం తిరిగేసరికి ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద కూర్చుని కష్టసుఖాలు. కాయలు తగ్గాయని నాన్న కేకలేస్తే బాబాయి తన ప్రతాపమంతా మా కుక్క మీద చూపించాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మా కోటిగాడి ఒంట్లో జరిగిందీ అదే. చంటివాడుగా జ్వరమొస్తే ఆ రోజుల్లో ఊరి డాక్టరు గాజు సిరంజితో పొడిచేవాడు, ఊరందరికీ ఒకటే సూది, అందులోంచి వచ్చిందో, పుట్టువెంట్రుకలు తీసిన కత్తి నుంచో. ఇప్పుడు వెతికి లాభం లేదండీ అన్నాడు డాక్టరు. లాభం లేదని నాకూ తెలుసు, అయినా మనసు వెతుకుతూనే ఉంది.

నాకొచ్చింది తొంభై ఏడులో. పత్తికి పురుగు పడిన ఏడు, ఏ మందు కొట్టినా చావని పురుగు, మందు తాగి బలిసిందా అన్నట్టుండేది. ఆ కొట్టుడులోనే నేను పడిపోయాను. అన్నం వాసనొస్తే డోకు, ఒంటేలు పసుపు నీళ్ళు, కళ్ళు పండిన నిమ్మకాయలు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు గానీ అదేం లేదు, నాకు లోకం ఎప్పట్లాగే కనపడింది, లోకానికే నేను పచ్చగా కనపడ్డాను. మా అమ్మ గురవమ్మ బావురుమంది. ఎడ్లబండి మీద గడ్డి పరిచి నన్ను అంకమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు, కామెర్లకి పసరు పోసే మనిషి ఆవిడ, మా చుట్టుపక్కల అందరికీ ఆవిడే. పరగడుపున నేల ఉసిరి పసరు మజ్జిగలో కలిపి పోసింది. పసరు తేలికే, పథ్యమే చంపుతుంది. ఉప్పు లేదు, నూనె లేదు, చింతపండు లేదు, కారం లేదు, నాలుగు బస్తాల కాయలు ఇంట్లో పెట్టుకుని కారం లేదు. చప్పిడి. అంకమ్మ పద్ధతి ఏంటంటే ఆ చప్పిడి రోగి ఒక్కడే తినకూడదు, ఒక్కడే అయితే దొంగతనంగా పచ్చడి నాకుతాడు. రక్తసంబంధం ఉన్నవాళ్ళొకళ్ళు జత పథ్యం ఉండాలి, అదే కంచంలో అదే తినాలి. "జతెవరుంటారు?" అంది. మా అమ్మ నోరు తెరిచేలోపే కోటేష్ "నేనుంటా" అన్నాడు. ఇరవై దాటిన వాడు, గొడ్డుకారం లేకపోతే కంచం విసిరేసే వాడు.

ఉన్నాడు. పత్తికి మందులు కొట్టొచ్చి, చెమటకి ఒంట్లో ఉప్పంతా పోయి, ఇంటికొచ్చి నా ముందు కూర్చుని చప్పిడి మజ్జిగన్నం తినేవాడు. మధ్యాహ్నం చెరుకు గడలు తెచ్చి చెక్కు తీసి ముక్కలు కోసి పెట్టేవాడు. ఒకసారి నేను మామిడికాయ ముక్క ఎక్కడో సంపాదించి దాచుకుంటే లాక్కుని పెరట్లోకి విసిరేశాడు, "చస్తావురా అన్నాయ్! నువ్వు చస్తే నాకు తోడెవరున్నారు?" అని అరిచాడు. వాడి కళ్ళు అప్పుడు ఎంత తెల్లగా ఉన్నాయో. నా కళ్ళు పచ్చగా, వాడి కళ్ళు తెల్లగా, ఒకే కంచం. జబ్బు మనిషిని నేను, జతగాడు వాడు, అనుకున్నాం. తలకిందులని తొమ్మిదేళ్ళకి తెలిసింది. డాక్టరు నిన్న దానిక్కూడా లెక్క చెప్పాడు, మీకు పెద్దయ్యాక వచ్చింది కాబట్టి మీ కాపలావాళ్ళు ఉలిక్కిపడి లేచారు, ఆ తన్నులాటకే కళ్ళు పచ్చబడ్డాయి, మీ ఒళ్ళు దాన్ని తరిమేసింది, మీ తమ్ముడికి పసితనంలోనే వచ్చింది కాబట్టి ఒళ్ళు తిరగబడలేదు, అందుకే పచ్చబడలేదు అని. నాకు ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందండీ అన్నాను. ఆయన నా గడ్డం వంక చూసి, అన్నదమ్ములు ఒకే బ్లేడుతో గీసుకునేవారా అనడిగాడు. పెరటి గోడ గూట్లో అద్దం, అద్దం పక్కన రేజరు, వాడు గీసుకున్నాక నేను. ఆ మాట కోటేష్‌కి చెప్పలేదు. చెప్పను కూడా.

మబ్బు పట్టినట్టుంది, వరండా చీకటైంది. గాలి మిరప యార్డు వైపు నుంచి తిరిగింది కాబోలు, వరుసగా అందరూ దగ్గుతున్నారు, గుంటూరు వాళ్ళు కూడా. ఏప్రిల్లో వాన అంటే కల్లంలో కాయలు తడిసినట్టే. ఫోన్ మోగింది, మా ఇంటావిడ. "ఇక్కడ మబ్బు కమ్మిందండీ, పట్టాలు కప్పించనా?" అంది. కప్పించు అన్నాను. "చీటీ వచ్చిందా?" అంది. రాలేదన్నాను. దేని చీటీ అని తను అనలేదు, నేను అనలేదు. మా ఇంట్లో దాని పేరు ఎవరూ అనరు. అది కూడా అంకమ్మ పద్ధతే, పథ్యం విడిచి తలకి పోసుకుని ఉప్పు కలిపిన మొదటి ముద్ద తిన్నాక ఆ జబ్బు పేరు ఇంట్లో ఎత్తకూడదు, పేరెత్తితే పిలిచినట్టే. పథ్యం విడుపు రోజు పండగలా చేసింది మా అమ్మ, గోంగూర, ఎండుమిరపకాయల పచ్చడి, కోటేష్ గాడు ఆ పచ్చడి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఆనందమో ఘాటో. ఆ తర్వాత వారానికి మా దగ్గర్లోని పేటలో డాక్టరు ఒకాయన నా రక్తం చీటీ చూసి "ఇది హెపటైటిస్ బి. మీకు తగ్గిపోయింది గానీ ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి" అన్నాడు. చెప్పాడు, ఆయన తప్పేం లేదు. నేను ఇంటికొచ్చి "అమ్మా, మనందరికీ ఆ హెప..." అనబోయాను, మా అమ్మ పరుగెత్తుకొచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది, పసుపు, ఉల్లిపాయ వాసన. "తలకి పోసుకున్నాక ఆ మాటెత్తుతావేంట్రా? మళ్ళీ పిలుస్తావా దాన్ని?" అంది. ఊరుకున్నాను. చదువుకోని వాణ్ణి కాదు, ఇంటర్ దాకా వెళ్ళాను, ఆ చెయ్యి తీసేసి మిగతా మాట అనొచ్చు. అనలేదు. అమ్మ చెయ్యి కదా. ప్రేమతో మూసిన నోరు కదా. అమ్మ పోయింది, ఆ చెయ్యి మాత్రం ఇప్పటికీ నా నోటి మీదే ఉంది.

ఇంతకీ ఎవరికి చేయించాలి పరీక్ష, కోటేష్‌కా, వాడిది రాయి లాంటి ఒళ్ళని ఊరంతా అనేది. తలనొప్పని ఎరగడు. వాడి పెళ్ళిలో మా మేనత్త దిష్టి తీసింది, అన్నకొచ్చింది తమ్ముడికి రాకూడదని. తర్వాతెప్పుడో ఊళ్ళో బడి దగ్గర కామెర్ల టీకా శిబిరం పెట్టారు, ఆటోలో మైకు, బారులు తీరి జనం. కోటేష్ చంటిపిల్ల అఖిలని చంకనేసుకుని వెళ్ళి ఇద్దరూ వేయించుకున్నారు, మూడు విడతలూ, ఒక్కటి మానలేదు. "ఇక మనకి ఢోకా లేదన్నాయ్" అని జబ్బ చూపించాడు. టీకా అంటే దొంగ రాకముందు వేసుకునే గడియండీ అన్నాడు శశిభూషణ్, లోపలున్నాక గడియ వేస్తే ఏం లాభం, ముందు పరీక్ష చేసి కదా వెయ్యాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా కాదిది, చేతులు కాలుతున్నాయని తెలియక ఆకులు కట్టుకుని తిరిగాం. రెండేళ్ళ నుంచీ వాడు మధ్యాహ్నమయ్యేసరికి గట్టు మీద కూలబడేవాడు. నేనేమన్నాను? "ఏరా, పెళ్ళాం వండిపెడుతుంటే ఒళ్ళు బరువెక్కిందా" అన్నాను. కూలీల ముందు పనిదొంగ అన్నాను. వాడు నవ్వి లేచి మళ్ళీ పారెత్తేవాడు. ఎందుకు లేచాడో. నేనన్నానని లేచాడు. కాయలు ఏరేటప్పుడు ఎర్రటి కాయల్లో తెల్లబడ్డ తాలుకాయ ఒక్కటి కనపడితే చాలు, వేళ్ళు వాటంతటవే వెళ్ళి తీసి పారేస్తాయి, పుట్టినప్పటి నుంచీ చేసిన పని అది, తెల్లదనం అంటే చెడిందని తెలిసిన వేళ్ళు ఇవి. అదే కంట్లో తెల్లదనం చూసి నిశ్చింతగా ఉన్నాం. తప్పు ఎవరిదని అడిగితే చెప్పలేను, పనిదొంగ అన్నది మాత్రం నేనే.

"పెదనాన్నా, తింటావా?" అఖిల జామ ముక్క ఉప్పులో అద్ది నా నోటి దగ్గర పెట్టింది. నోరు తెరవబోయాను. అప్పుడు తగిలింది. ఉప్పు. పొట్టలో నీరు పట్టిన దగ్గర్నుంచీ కోటేష్‌కి ఉప్పు మానేయమన్నారు, అసలు సిసలు చప్పిడి, ఈసారి అంకమ్మ చెప్పింది కాదు, డాక్టర్లు చెప్పింది. సంక్రాంతి ముందు నుంచీ వాడు చప్పిడి తింటున్నాడు. గోడకి చేరగిలబడి, కంచం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కడే. మేము అవతలింట్లో. పాపం వాడి ముందు తినకూడదని మా ఇంటావిడ తలుపు దగ్గరగా వేసి నాకు గోంగూర వడ్డించేది, అది మర్యాదనుకున్నాను నేను, పెద్ద మర్యాద. తలుపు వేసుకుని తిన్నాను. ఒక్కసారి, ఒక్క పూట, "ఒరేయ్ నేనూ జతుంటా" అని వాడి కంచం ముందు కూర్చోలేదు. గుర్తు రాలేదు. వాడికి గుర్తుందా? గుర్తుండే ఉంటుంది. అడగలేదు. వాడు అడిగే రకం కాదు, అడగందే చేసే రకం నేను కాదు. అయ్యో, కోటీ. "వద్దమ్మా, ఉత్తి ముక్కివ్వు" అన్నాను. ఉత్తిది ఎవరైనా తింటారా అన్నట్టు చూసింది గానీ ఇచ్చింది. చప్పగా ఉంది. వగరు కూడా ఉంది.

"అఖిల తాలూకు ఎవరండీ?" లాబ్ అమ్మాయి, పేరు సంతోషకుమారి అని కోటు మీద రాసుంది, తలుపు సందులోంచి పిలిచింది. లేచాను. చీటీ నా చేతికివ్వలేదు. "డాక్టరు గారు మాట్లాడతారండీ. పాపకి ఇంకో ట్యూబు రక్తం కావాలి, హైదరాబాద్ పంపించాలి, ఎంతుందో చూడటానికి" అంది. ఎంతుందో. ఉందో లేదో కాదు, ఎంతుందో. వరండాలో ఎవరో దగ్గుతున్నారు, బయట చినుకులు మొదలయ్యాయి, మా ఊళ్ళో కాయలు తడుస్తున్నాయేమో, తడవనీ. పిల్లలో దొరికితే మనకి టైముందండీ అన్నాడు డాక్టరు నిన్న, ఆర్నెల్లకోసారి రక్తం చూసుకుంటూ ఉండాలి, లివరు కదిలితే మందులున్నాయి, కానీ జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలి, లోపలివాళ్ళు నిద్రపోతుంటే బయటివాళ్ళు మేలుకోవాలి అని. టైముంది. వాడికీ ఉండేది. తొమ్మిదేళ్ళుండేది.

అఖిల రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. "ఇందాకే పొడిచారుగా! నాకూ నాన్నకొచ్చిందే వచ్చిందా పెదనాన్నా?" అంది. నేను అటూ ఇటూ చూశాను, ఎవరి చెయ్యి అడ్డొస్తుందోనని. "వచ్చిందమ్మా" అన్నాను. "దాని పేరేంటి? ఇంట్లో అడిగితే అమ్మ నోర్ముయ్ అంటది." చెప్పాను. హెపటైటిస్ బి. నా నాలుక ఆ మాట దగ్గర రాళ్ళబాటలో బండిలా ఊగింది గానీ మొత్తం చెప్పాను, గట్టిగానే చెప్పాను, పక్క బెంచీ వాళ్ళు తల తిప్పారు. ఏమీ కాలేదు. వాన పడుతూనే ఉంది. పిల్ల పెదాలతో ఆ పేరు పలికి చూసుకుంది. "అయితే నేనూ చప్పిడి తినాలా? నీకు జొరమొచ్చినప్పుడు నాన్న జతున్నాడంటగా, నాన్న చెప్పాడు. నాకు జతెవరుంటారు?" అంది. వాడికి గుర్తుంది. పిల్లకి కథలా చెప్పుకునేంత గుర్తుంది. నేను చొక్కా చెయ్యి పైకి మడిచి సంతోషకుమారి ముందు స్టూలు మీద కూర్చున్నాను. "ముందు నాకు తియ్యమ్మా." ఆ అమ్మాయి కంగారుపడింది, "మీకు రాయలేదండీ, మీకవసరం లేదు." "అవసరం లేదనుకునే ఇంతదాకా తెచ్చుకున్నాం. తియ్యమ్మా" అన్నాను. తీసింది. అఖిల సూది దిగిన చోటే చూస్తూ "నొప్పా?" అంది. "నొప్పే" అన్నాను. కాసేపు ఆలోచించి వెనకనుంచి ఒక చెయ్యి బయటికి తీసి నా చెయ్యి పక్కన పెట్టింది, దూది లేని చెయ్యి.

పైకి వెళ్ళేసరికి గొట్టం తీసేశారు. కోటేష్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, పొట్ట జారి మనిషి సగమైపోయాడు. ముందు కంచం, చప్పిడి పెరుగన్నం, ముట్టలేదు. పిల్ల రెండు మోచేతుల మీదా రెండు దూదులు చూశాడు. చూసి తల వాల్చేశాడు, మాధురికి ఆ తల వాల్చడంలోనే అర్థమైంది, పమిట నోట్లో కుక్కుకుంది. తర్వాత వాడి చూపు నా మోచేతి మీదికొచ్చింది. "నీకెందుకన్నాయ్?" అన్నాడు. "జత" అన్నాను. మాధురి వైపు తిరిగి, "అమ్మాయ్, నాకూ వాడి దాంట్లోదే పెట్టు" అన్నాను. "అందులో ఉప్పు లేదు బావగారూ" అంది మాధురి ఏడుస్తూనే. తెలుసన్నాను. మంచం మీద వాడికెదురుగా కూర్చున్నాను. కోటేష్ నా వంక చూశాడు, ఇప్పుడు పచ్చబడ్డాయి వాడి కళ్ళు, ఇన్నాళ్ళకి, నిమ్మపండులా. కోపం ఉందేమోనని వెతికాను, లేదు, ఉన్నా బాగుండేది. కంచం నా వైపు జరిపాడు.

"ఆలిస్యంగా వచ్చావన్నాయ్" అన్నాడు. "నా పత్యెం అయిపోవచ్చింది. దానికుండు."

అఖిల మా ఇద్దరి మధ్యకి ఎక్కి కూర్చుని కంచంలో చెయ్యి పెట్టింది.